ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆడాలా, ఫైనల్ ఫాంటసీ 14 ఆడాలా: రూపాయి కట్టకముందే తేల్చుకునే పద్ధతి

ఎంఎంఓ ఆటలు, అంటే వేలమంది ఒకే ఆన్‌లైన్ లోకంలో కలిసి ఆడేవి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాదాపు అందరూ అడిగేది ఒకటే, "రెండింట్లో ఏది బాగుంటుంది?" అని. దానికి జవాబు లేదు. మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఒక పెద్ద లోకంలో దింపేసి, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకపోతే మీకు హుషారు వస్తుందా, చిరాకు వస్తుందా? హుషారు వచ్చేవాళ్ళ ఆట ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. చిరాకు వచ్చేవాళ్ళు, ఎవరైనా మంచి కథ చెబుతూ ముందుకు తీసుకెళ్తే బాగుండు అనుకునేవాళ్ళు ఫైనల్ ఫాంటసీ 14 కి వెళ్ళాలి. గ్రాఫిక్స్, ధర, ఎంతమంది ఆడుతున్నారు అన్న లెక్కలన్నీ దీని తర్వాతే. అయితే మీరు ఏ రకమో కూర్చుని ఆలోచిస్తే తెలియదు, ఆడితేనే తెలుస్తుంది. అదృష్టం ఏంటంటే రెండూ కావలసినంత కాలం ఉచితంగానే ఆడొచ్చు, కాబట్టి ఒక నెల పక్కన పెట్టుకుని రెండూ చూసి తేల్చుకోండి.

ఈ రెండూ ఎక్కడినుంచి వచ్చాయో కొంచెం తెలిస్తే అవి అలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. రూన్‌స్కేప్ 2001 జనవరిలో ఇంగ్లండ్‌లో మొదలైంది, ఆండ్రూ గోవర్ తన సోదరుడితో కలిసి చేసిన బ్రౌజర్ ఆట అది. తర్వాత కేంబ్రిడ్జ్‌లోని జాగెక్స్ కంపెనీ దాన్ని మార్చుకుంటూ పోయింది. పాతదే కావాలని ఆటగాళ్ళు గట్టిగా అడిగితే, 2007 ఆగస్టు నాటి బ్యాకప్‌ని బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ అని వేరే ఆటగా తెరిచారు. అప్పటినుంచి ఇందులో పెద్ద మార్పు ఏది తేవాలన్నా ఆటగాళ్ళ ఓటు పెడుతున్నారు, ఇప్పుడు 70 శాతం ఒప్పుకుంటేనే అది ఆటలోకి వస్తుంది. అందుకే చూడ్డానికి పాతగా ఉన్నా లోపల ఏటా పెరుగుతూనే ఉంది, 2025 నవంబర్‌లో సెయిలింగ్ అని 24వ స్కిల్ కూడా వచ్చింది.

ఫైనల్ ఫాంటసీ 14 కథ ఇంకోలా నడిచింది. 2010లో జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ విడుదల చేసినప్పుడు అది ఘోరంగా దెబ్బతింది. నావోకి యోషిదా అనే ఆయన చేతికి పగ్గాలు ఇచ్చారు, ఆయన ఒకపక్క ఉన్న ఆటని నడిపిస్తూనే ఇంకోపక్క మొత్తం కొత్తగా కట్టించాడు. 2012 నవంబర్‌లో పాత సర్వర్లు మూసేసినప్పుడు కథలో కూడా ఆ లోకం నాశనమైపోయినట్టు చూపించి, 2013 ఆగస్టులో ఎ రెల్మ్ రీబోర్న్ పేరుతో మళ్ళీ తెరిచారు. సర్వర్ల మూసివేతని కూడా కథలో కలిపేసిన ఆట అది. అక్కడ కథే వెన్నెముక, మిగతావన్నీ దాన్ని పట్టుకుని ఉంటాయి.

ముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి

ఓల్డ్ స్కూల్ దాదాపు ఏ లాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది, కాలేజీ రోజుల్లో కొన్నదైనా సరే, విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. 2018 అక్టోబర్ నుంచి ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో కూడా ఉంది, అదీ మొబైల్ కోసం చేసిన వేరే ఆట కాదు, అదే అకౌంటు, అదే క్యారెక్టరు, అవే సర్వర్లు. ఇంట్లో కంప్యూటర్ కట్టేసి బస్సెక్కి ఫోన్ తీస్తే ఆపిన చోటినుంచే మొదలుపెట్టొచ్చు. డేటా కూడా చాలా తక్కువ తింటుంది.

ఫైనల్ ఫాంటసీ 14 కి పీసీ గానీ మాక్ గానీ, లేదంటే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ సిరీస్ లాంటి కన్సోల్ గానీ ఉండాలి. డిస్కులో 140 జీబీ ఖాళీ అడుగుతుంది, కాబట్టి రోజుకి రెండు జీబీ మొబైల్ ప్లాన్‌తో హాట్‌స్పాట్ పెట్టి దించుకునే ఆలోచన మానుకోండి, ఫైబర్ కనెక్షన్ ఉన్న చోట దించుకోవాలి. 2024లో డాన్‌ట్రెయిల్ అనే ఎక్స్‌పాన్షన్‌తో (ఆటకి తర్వాత చేర్చి విడిగా అమ్మే పెద్ద భాగం) గ్రాఫిక్స్ పెంచారు, అప్పటినుంచి పాత మెషిన్ల మీద బరువు కూడా పెరిగింది. మీ కంప్యూటర్ తట్టుకుంటుందో లేదో అనే టెన్షన్ ఉంటే ఆట మొత్తం దించకముందే స్క్వేర్ ఎనిక్స్ ఉచితంగా ఇచ్చే డాన్‌ట్రెయిల్ బెంచ్‌మార్క్ అనే పరీక్ష ప్రోగ్రామ్ దించుకుని ఒకసారి నడపండి. స్కోరు చూపించి మీ మెషిన్‌లో ఆట ఎలా నడుస్తుందో చెప్పేస్తుంది, అందులోనే క్యారెక్టర్ ముఖం కూడా తయారుచేసి దాచుకోవచ్చు.

ఇక పింగ్, అంటే మీ క్లిక్కు సర్వరుకి వెళ్ళి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. మనవాళ్ళు దీని గురించి అన్ని ఆటలకీ ఒకేలా భయపడతారు, అలా అక్కర్లేదు. ఓల్డ్ స్కూల్ మొత్తం 0.6 సెకన్ల టిక్ మీద నడుస్తుంది, అంటే సర్వరు మీ క్లిక్కులన్నిటినీ ఆ గడియల్లోనే లెక్కలోకి తీసుకుంటుంది, మీ పింగ్ 150 ఉన్నా మామూలుగా ఆడుకోవడానికి తేడా తెలియదు. పెద్ద బాస్‌లతో, టిక్ టిక్‌కీ ప్రేయర్లు (కాసేపు కాపాడే ప్రార్థన శక్తులు) మార్చుకుంటూ పోరాడే స్థాయికి వెళ్తే తప్ప అది సమస్యే కాదు. ఫైనల్ ఫాంటసీలో మాత్రం తెలుస్తుంది. ప్రతి ప్రధాన దెబ్బకీ మధ్య దాదాపు 2.5 సెకన్ల విరామం ఉంటుంది కాబట్టి ఆట నెమ్మదైనదే అనిపిస్తుంది, కానీ ఆ విరామంలోనే చిన్న చిన్న స్కిల్స్ ఒకటో రెండో దూర్చాలి, పింగ్ ఎక్కువైతే రెండోది పట్టదు. ఇంకొకటి, నేల మీద నారింజ రంగులో ప్రమాదపు గుర్తు పడుతుంది చూడండి, శత్రువు మంత్రం పూర్తయ్యే క్షణంలో మీరు ఎక్కడున్నారో సర్వరు అప్పుడే రాసేసుకుంటుంది. మీ తెరమీద మీరు బయటికొచ్చేసినట్టు కనిపిస్తున్నా దెబ్బ తగులుతుంది. కొత్తవాళ్ళు ఇది చూసి ల్యాగ్ అని తిట్టుకుంటారు, అది ఆ ఆట పద్ధతి. మంత్రం పట్టీ నిండకముందే, కాస్త తొందరగానే కదిలే అలవాటు చేసుకుంటే మన దూరం నుంచి కూడా కథ మొత్తం హాయిగా ఆడొచ్చు.

డేటా సెంటర్ ఎంచుకునేటప్పుడు పింగ్ ఒక్కటే చూడకండి

ఈ విషయం గైడ్లలో ఎవరూ సరిగ్గా చెప్పరు, మనకి మాత్రం చాలా ముఖ్యం. ఫైనల్ ఫాంటసీ 14 డేటా సెంటర్లు జపాన్, ఉత్తర అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా వైపు ఉన్నాయి, ఇండియాలో లేవు. క్యారెక్టర్ తయారుచేసేటప్పుడే వాటిలో ఒకటి ఎంచుకోవాలి, అదే దాని సొంతూరు అవుతుంది. మనలో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఆడేది రాత్రి భోజనాలయ్యాక, పది గంటల ప్రాంతంలో. అప్పుడు జపాన్‌లో రాత్రి ఒంటిగంటన్నర, సిడ్నీలో తెల్లవారుజాము, రెండు చోట్లా చాలామంది నిద్రలో ఉంటారు, డంజన్‌కి (కొందరు జట్టుగా కలిసి దాటాల్సిన పోరాట ఘట్టం) మనుషులు దొరకడానికి ఎదురుచూస్తూ కూర్చోవాలి. అదే సమయానికి జర్మనీ, ఫ్రాన్స్ వైపు సాయంత్రం ఐదున్నరో ఆరున్నరో, జనం అప్పుడే లాగిన్ అవుతుంటారు. అందుకే రాత్రిపూట ఆడేవాళ్ళకి నా సలహా యూరప్. వారాంతం మధ్యాహ్నాలు ఆడే విద్యార్థులైతే జపాన్ చూడొచ్చు, అక్కడ టాన్‌బెర్రీ అనే వరల్డ్‌లో (అంటే సర్వర్‌లో) ఇంగ్లీషు మాట్లాడే ఆసియా ఆటగాళ్ళు ఎక్కువగా ఉంటూ వచ్చారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యతో కలిసి ఆడాలంటే మాత్రం వేరే ఆలోచన లేకుండా ఉత్తర అమెరికా తీసుకోండి, మన శనివారం రాత్రి వాళ్ళకి శనివారం పొద్దున్న కాబట్టి ఇద్దరికీ కుదురుతుంది.

ఓల్డ్ స్కూల్‌లో ఈ తలనొప్పి లేదు. క్యారెక్టర్ ఏ వరల్డ్‌కీ కట్టుబడి ఉండదు, ఇవాళ ఇంగ్లండ్ వరల్డ్, రేపు అమెరికా వరల్డ్, లాగిన్ అయ్యేటప్పుడు జాబితాలో ఏది కావాలంటే అది నొక్కడమే.

ఓల్డ్ స్కూల్‌ని పరీక్షించే పద్ధతి

జాగెక్స్ అకౌంటు చేసుకుని కంప్యూటర్‌లో అయితే రూన్‌లైట్ అనే క్లయింట్‌తో (ఆటని తెరిచే ప్రోగ్రామ్) మొదలుపెట్టండి, అది బయటివాళ్ళు చేసినదే అయినా జాగెక్స్ అనుమతి ఉన్నది. ట్యుటోరియల్ ఐలండ్ అయ్యాక లంబ్రిడ్జ్ అనే ఊళ్ళో దిగుతారు. అక్కడ కోటలో వంటవాడికి గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టే చిన్న క్వెస్ట్, అంటే ఆట అప్పగించే పని, ఉంది, అది చెయ్యండి. అది అయిపోయాక ఆట మిమ్మల్ని మెల్లగా వదిలేస్తుంది. ఎటు వెళ్ళాలో చూపించే పెద్ద బాణం గుర్తు ఏదీ రాదు. చేపలు పట్టుకుంటారో, గనిలో తవ్వుకుంటారో, కోళ్ళని కొడతారో, వర్రాక్ అనే ఊరి దాకా నడిచి గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ అనే సంతలో జనం ఏం కొంటున్నారో చూస్తారో మీ ఇష్టం. మినీమ్యాప్ పక్కన వికీ బటన్ ఉంటుంది, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడండి. ఇది మోసం కాదు, ఈ ఆటని పక్కన వికీ తెరిచిపెట్టుకునే అందరూ ఆడతారు, అంత చక్కగా రాసిన వికీ ఇంకో ఆటకి నేను చూడలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండో రోజో మూడో రోజో లాగిన్ అవుతున్నప్పుడు మీ మనసులో మీరు పెట్టుకున్న పని ఏదైనా ఉందా? "ఇవాళ మైనింగ్ ఇంకో ఐదు లెవెల్స్ ఎక్కించి, ఆ ఖనిజంతో కవచం చేసుకుని, డ్రాగన్ స్లేయర్ క్వెస్ట్‌కి కావలసిన పాయింట్లు చూసుకోవాలి" లాంటిది? అలాంటి ఆలోచన దానంతటదే పుడితే ఇది మీ ఆటే, ఇంక అడగక్కర్లేదు. లాగిన్ అయ్యి నిలబడి "ఇప్పుడేంటి?" అనుకుంటుంటే, అది మూడు రోజులు వరసగా జరిగితే, బలవంతం మీద కొనసాగించకండి.

గ్రైండింగ్, అంటే లెవెల్స్ కోసం చేసిన పనే మళ్ళీ మళ్ళీ చెయ్యడం, దాని సంగతి కూడా ముందే తెలుసుకోండి. ఒక స్కిల్ 99కి చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. 92వ లెవెల్‌కి వచ్చినప్పుడు మీరు దాటింది సగం దూరమే, మిగతా సగం ఆ ఏడు లెవెల్స్‌లోనే ఉంది. దీన్ని విని గుండె జారినవాళ్ళు ఉంటారు, కానీ ఈ ఆటలో చాలా పనులకి పూర్తి ధ్యాస అక్కర్లేదు. చెట్టు మీద ఒకసారి నొక్కి, పాటలు వింటూ, ఎవరితోనో మాట్లాడుతూ కూర్చోవచ్చు, అప్పుడప్పుడు చూసి మళ్ళీ నొక్కితే చాలు. వంట చేస్తూ, క్రికెట్ చూస్తూ ఆడేవాళ్ళు ఎంతోమంది. అలా సగం ధ్యాసతో ఏళ్ళ తరబడి ఒక క్యారెక్టర్‌ని పెంచుకోవడంలో ఉన్న తృప్తి నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు.

ఉచితంగా ఆడేటప్పుడు 24 స్కిల్స్‌లో 15 మాత్రమే ఉంటాయని, మ్యాప్‌లో ఎక్కువ భాగం మూసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. అసలైన మంచి క్వెస్ట్‌లు మెంబర్ల, అంటే చందా కట్టినవాళ్ళ, వైపే ఉన్నాయి. కాబట్టి ఉచిత భాగం నచ్చీ నచ్చనట్టు ఉంటే ఒక్క నెల మెంబర్‌షిప్ తీసుకుని అప్పుడు నిర్ణయించుకోవడం న్యాయం. తీసుకున్న మొదటి రోజుల్లోనే వాటర్‌ఫాల్ క్వెస్ట్ చేసేయండి, అటాక్, స్ట్రెంత్ రెండూ మొదటి లెవెల్‌లో ఉన్నవాళ్ళకి ఒక్కసారిగా 30 దాకా ఎక్కేస్తాయి. కొత్త ఉచిత అకౌంటుకి ఎక్స్‌ఛేంజ్‌లో కొన్ని వస్తువుల మీద ఆంక్షలు కూడా ఉంటాయి. 20 గంటలు ఆడి, 10 క్వెస్ట్ పాయింట్లు, మొత్తం మీద 100 లెవెల్స్ వస్తే అవి పోతాయి.

ఒక్క హెచ్చరిక. వైల్డర్‌నెస్ అనే ఉత్తరపు ప్రాంతంలో మిమ్మల్ని వేరే ఆటగాళ్ళు చంపొచ్చు, మామూలుగా చేతిలో మూడు వస్తువులు తప్ప మిగతావన్నీ పోతాయి. "నాతో రా, మంచి చోటు చూపిస్తా" అని ఎవరు పిలిచినా ఆ గీత దాటకండి. "నీ డబ్బు ఇవ్వు, రెట్టింపు చేసిస్తా" అనేవాడు ప్రతి రద్దీ వీధిలోనూ ఉంటాడు, వాడికి ఒక్క నాణెం కూడా ఇవ్వకండి. ఆటలోని మీ బ్యాంక్‌కి పిన్, లాగిన్‌కి ఆథెంటికేటర్ (ఫోన్‌లో కోడ్ చూపించే యాప్) మొదటి రోజే పెట్టుకోండి.

ఫైనల్ ఫాంటసీ 14 ని పరీక్షించే పద్ధతి

ఇక్కడ ఉచిత ట్రయల్ చాలా ఉదారంగా ఉంటుంది. 70వ లెవెల్ దాకా, మొదటి ఆటతో పాటు హెవెన్స్‌వర్డ్, స్టార్మ్‌బ్లడ్ అనే రెండు ఎక్స్‌పాన్షన్లు మొత్తం, గడువు లేకుండా. వందల గంటల ఆట అది. ఏ క్లాస్ (పోరాటంలో మీ వృత్తి) తీసుకోవాలని ఎక్కువగా ఆలోచించకండి, ఒకే క్యారెక్టర్‌తో అన్నీ నేర్చుకోవచ్చు, ఆయుధం మారిస్తే పని మారిపోతుంది. ఎటూ తేలకపోతే ఆర్కనిస్ట్ తీసుకోండి. 30వ లెవెల్‌లో అది మంత్రాలతో దెబ్బకొట్టే సమనర్‌గానూ, జట్టు గాయాలు మాన్పే హీలర్ అయిన స్కాలర్‌గానూ రెండు దారులు ఇస్తుంది, రెండింటికీ లెవెల్ ఒకటే, అంటే ఒకరి కష్టంతో ఇద్దరు పెరుగుతారు.

కనీసం 15వ లెవెల్‌లో వచ్చే సస్టాషా అనే మొదటి డంజన్ అయ్యేదాకా ఆడండి. నలుగురు కలిసి వెళ్ళాలి, ముందు నిలబడి దెబ్బలు కాసే ట్యాంక్ ఒకరు, ఒక హీలర్, ఇద్దరు దెబ్బకొట్టేవాళ్ళు. కొత్తవాళ్ళ పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది, చాట్‌లో "ఇది నాకు మొదటిసారి" అని ఒక్క ముక్క రాస్తే చాలు, మిగతావాళ్ళు నెమ్మదిగా నడిచి దారి చూపిస్తారు. మొదటిసారి వచ్చినవాళ్ళు గుంపులో ఉంటే మిగతావాళ్ళకి అదనపు బహుమతి వచ్చేట్టు ఆటలోనే ఏర్పాటు ఉంది, ఆ మంచితనానికి అది కూడా ఒక కారణం. తెలియనివాళ్ళతో వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే డ్యూటీ సపోర్ట్ నొక్కండి, కథలోని పాత్రలే మీతో వస్తాయి.

ఈ ఆటకి అసలు పరీక్ష చాలా తేలిక. కథలో పాత్రలు మాట్లాడుతున్నప్పుడు మీరు చదువుతున్నారా, టకటకా నొక్కి దాటేస్తున్నారా? దాటేస్తుంటే ఈ ఆట మీది కాదు, ఎందుకంటే ఇక్కడ మిగతా అన్నిటికీ తలుపు ఆ కథే, దాన్ని దాటేసేవాళ్ళకి మిగిలేది ఊళ్ళ మధ్య పరుగులే. చదువుతున్నవాళ్ళకి ఒక మాట: మొదటి 50 లెవెల్స్ నెమ్మదిగానే ఉంటాయి. ఈ మూట అక్కడికి, ఆ ఉత్తరం ఇక్కడికి అని తిప్పుతారు. 2020లో కొన్ని క్వెస్ట్‌లు తీసేసి కొంత తగ్గించారు, అయినా ఓపిక కావాలి. హెవెన్స్‌వర్డ్ మొదలయ్యాక కథ పట్టు వేరు, ఆ తర్వాత వచ్చే షాడోబ్రింగర్స్ ఎక్స్‌పాన్షన్‌కి వచ్చేసరికి ఆటల్లో ఇలాంటి కథలు కూడా చెప్పొచ్చా అనిపించింది నాకు. ఆ భాగం ట్రయల్‌లో లేదు, దాని కోసమే కొనాలి.

భాష గురించి కూడా చెప్పాలి. రెండింట్లోనూ తెలుగు లేదు. ఓల్డ్ స్కూల్ ఇంగ్లీషు సులువు, హాస్యం ఎక్కువ, పదో తరగతి పిల్లలకి కూడా ఇబ్బంది ఉండదు. ఫైనల్ ఫాంటసీలో ఇంగ్లీషు పాతకాలపు గ్రంథాల ధోరణిలో సాగుతుంది, యూరియాంజే అనే పాత్ర మాట్లాడితే రెండుసార్లు చదవాల్సిందే. మంచి విషయం ఏంటంటే చాలా సంభాషణలకి గొంతు ఉండదు, మీరు నొక్కితేనే తర్వాతి వాక్యం వస్తుంది, తీరిగ్గా చదువుకోవచ్చు.

టైమ్ విషయంలో మాత్రం ఫైనల్ ఫాంటసీ కఠినం. డంజన్ మొదలైతే ఇరవై నిమిషాలు లేవకూడదు, మీ మీద ఇంకో ముగ్గురు ఆధారపడి ఉంటారు, మధ్యలో వదిలి వెళ్ళిపోతే అరగంట పాటు మళ్ళీ చేరనివ్వరు. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు, ఏ క్షణంలో ఎవరు పిలుస్తారో తెలియనివాళ్ళు ఇది ఆలోచించుకోవాలి. కథ భాగం ఒంటరిగా ఎప్పుడైనా ఆపుకోవచ్చు, డంజన్లు మాత్రం పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి.

స్నేహితులతో కలిసి ఆడాలంటే

ఇద్దరు ముగ్గురు కలిసి మొదలుపెడుతుంటే నేను ఓల్డ్ స్కూల్ వైపే మొగ్గుతాను. గ్రూప్ ఐరన్‌మ్యాన్ అని ఒక పద్ధతి ఉంది, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఒక జట్టు, బయటివాళ్ళతో కొనడం అమ్మడం ఏమీ ఉండదు, అన్నీ మీలో మీరే సంపాదించుకోవాలి. ఒకడు చేపలు పడతాడు, ఒకడు కత్తులు చేస్తాడు, ఒకే టైమ్‌లో లాగిన్ అవ్వక్కర్లేదు కూడా, ఉమ్మడి గిడ్డంగిలో పెట్టి వెళ్ళిపోతే ఇంకొకడు తీసుకుంటాడు. ఫైనల్ ఫాంటసీ ట్రయల్‌లో ఉన్నవాళ్ళు సొంతంగా పార్టీ పెట్టలేరు, ట్రేడ్ చెయ్యలేరు, గిల్డ్ లాంటి ఫ్రీ కంపెనీలో చేరలేరు, ఆటగాళ్ళ మధ్య అమ్మకాలు జరిగే మార్కెట్ బోర్డు వాడలేరు, 3 లక్షల గిల్ (ఆ ఆటలో డబ్బు) మించి దాచుకోలేరు. ఒక్కరైనా పూర్తి ఆట కొన్నవాళ్ళుంటే వాళ్ళు పార్టీ పెట్టి మిగతావాళ్ళని పిలవొచ్చు.

డబ్బు కట్టే ముందు

రెండింటికీ నెలవారీ చందా ఉంది. ఫైనల్ ఫాంటసీలో తక్కువ ప్లాన్ నెలకి 12.99 డాలర్లు, ఆట కొన్న డబ్బు దానికి అదనం, కొన్నప్పుడు మొదటి 30 రోజులు అందులోనే వస్తాయి. ఓల్డ్ స్కూల్‌లో ఆట కొనడమంటూ లేదు, చందా ఒక్కటే. పైగా బాండ్ అనే వస్తువుని ఆటలోని నాణేలతో కొని మెంబర్‌షిప్‌గా మార్చుకోవచ్చు, ఒక బాండ్‌కి 14 రోజులు. కానీ మొదటి నెలల్లోనే బాండ్ల కోసం నాణేలు పోగేయడం మొదలుపెడితే ఆట కాస్తా కూలిపని అయిపోతుంది, నిలదొక్కుకున్నాక ఆలోచించండి. బయట వెబ్‌సైట్లలో నాణేలు, గిల్ అమ్మేవాళ్ళ జోలికి రెండు ఆటల్లోనూ వెళ్ళొద్దు, అకౌంటు బ్యాన్ అవుతుంది. డాలర్లలో కట్టేటప్పుడు పేమెంట్ ఆగిపోతే ముందు మీ బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూడండి, కొత్త కార్డులకి అవి ఆఫ్‌లో ఉంటాయి.

ఫైనల్ ఫాంటసీ కొనాలనుకుంటే రెండు విషయాలు. పూర్తి ఆటకి మారిన అకౌంటు మళ్ళీ ట్రయల్‌కి వెనక్కి రాదు, చందా ఆపితే ఆ క్యారెక్టర్‌తో ఆడలేరు. కాబట్టి 70వ లెవెల్ దాకా, స్టార్మ్‌బ్లడ్ కథ అయ్యేదాకా ట్రయల్‌లోనే ఉండండి, సేల్ వచ్చింది కదా అని ముందే కొనకండి. రెండోది, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నవాళ్ళు తర్వాతి ఎక్స్‌పాన్షన్లు కూడా స్టీమ్‌లోనే కొనాలి, స్క్వేర్ ఎనిక్స్ స్టోర్‌లో తీసుకున్న కోడ్ ఆ అకౌంటుకి పనిచెయ్యదు. ఎక్కడ కొంటారో మొదటిసారే నిర్ణయించుకుని అక్కడే ఉండండి.